సలోమక్క ఊపిరి కత్తిరించలేదు

సభకు నమస్కారం.

ఎల్లారెడ్డి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సలోమక్క ఇంటివాళ్లకు, ఆమె చర్చి సంఘస్థులకు, భిక్నూర్ నుంచి, దోమకొండ నుంచి, అటు మద్నూర్ నుంచి ఇవాళ్టి కూలి వదులుకొని వచ్చిన పాటగాళ్లకు, డోలక్ వాళ్లకు, డప్పు వాళ్లకు నమస్కారం. ముందు వరుస కుర్చీల మీద తువ్వాళ్లు పరిపించుకొని కూర్చున్న యూట్యూబ్ ఛానళ్ల యజమానులకు కూడా నమస్కారం. అయ్యా, మీరు ఇంతమంది ఒక్కచోట కూర్చొని ఒక మనిషి మాటను చివరిదాకా వినడం నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ వినాలి. తలుపు దగ్గర మా డప్పు వాళ్లు నిలబడ్డారు కాబట్టి మధ్యలో లేచి వెళ్లడం కూడా కష్టమే.

నా పేరు అనిల. దోమకొండలో పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకుంటాను, సెలవు రోజుల్లో పాడతాను. మీ ఛానళ్లలో నా గొంతు ఉంది. నా పేరు ఎంత వెతికినా దొరకదు కనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను.

సలోమక్క పోయింది. నలభై దాటీదాటకముందే క్యాన్సర్ ఆమెను తీసుకుపోయింది. పోయిన వారం ఎల్లారెడ్డిలో తుంపరలు పడుతుండగా మట్టి చేసి వచ్చాం. ఈ మాట అనడానికి నా నోరు రావడం లేదు. దీని తర్వాత అనబోయే మాటలకు మాత్రం నాకు ఏ ఇబ్బందీ లేదు.

ముందుగా ఒక మనవి. సౌండు పెట్టెల దగ్గరున్న అన్నా, వెనకాల నడుస్తున్న ఆ ఏడుపు వేణువును ఆపెయ్యి. ఆపావా? సంతోషం. ఆ వేణువును ఎవరూ ఊదలేదు. పాటలు చేసే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా వచ్చే ముక్క అది. నాయకుడు పోయినా అదే, నటుడు పోయినా అదే, పక్కింటి ముసలాయన పోయినా వాట్సాప్ స్టేటస్‌లో అదే. సలోమక్క దాన్ని విన్నప్పుడల్లా ఒక మాట అనేది: "గీ పిల్లనగోయికి సిగ్గు లేదు. ఎవ్వలు సచ్చినా ఒక్కతీర్గనే ఏడుస్తది." ఛానళ్ల పెద్దలారా, ఆ మాట అన్న మనిషికి సంతాప సభ జరుపుతూ మీరు దాన్నే పెట్టారు. మీకు వేరే ఏడుపు దొరకలేదా? మీ సొంత ఏడుపు ఒక్కటి కూడా లేదా?

ఇప్పుడు నా వెనక కట్టిన ఫ్లెక్సీ చూడండి. చుట్టూ చేతులు జోడించిన ఛానళ్ల యజమానులు. మధ్యలో ఒక ఆడమనిషి. తెల్లగా ఉంది, నున్నగా ఉంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి. ఎవరీమె? సలోమక్క నల్లని మనిషి. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ ఎడమ చెంప మీద ఉండేది. ఆ మచ్చ ఏమైంది? ఇందాక సలోమక్క తండ్రి యేసుబాబు బాపు లోపలికి వస్తూ ఈ బొమ్మ ముందు ఆగిపోయాడు. నా చెయ్యి పట్టుకొని, "గీమె ఎవలు బిడ్డా?" అని అడిగాడు. అయ్యలారా, కన్నతండ్రి గుర్తుపట్టని బొమ్మకు మీరు పూలదండ వేశారు. గొంతులను తోమి తోమి అలవాటైన చేతులు ముఖాన్ని కూడా తోమేశాయి.

బొమ్మ కింద ఏం రాశారు? జానపద సంగీత మాతృమూర్తి అని రాశారు. ఎంత పెద్ద మాట! బతికున్నప్పుడు ఆమెకు ఒక చిన్న మాట చాలు. వీడియో కింద "సంగీతం: సలోమి" అని రెండు ముక్కలు. పాడినవాళ్ల పేరు వేస్తారు, ఆడినవాళ్ల పేరు వేస్తారు, డ్రోన్ ఎగరేసినవాడి పేరు వేస్తారు, చిత్రీకరణ రోజు బిర్యానీ పంపిన హోటల్ పేరు వేస్తారు. సంగీతం అన్నచోట ఛానల్ పేరు వేసుకుంటారు. ఛానల్ సంగీతం చేస్తుందా? ఛానల్‌కు చెవులున్నాయా?

ఆమె చేసిన పనేమిటో తెలియని పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నారు. వాళ్ల కోసం చెప్తాను. కంప్యూటర్‌లో పాట తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. తెర మీద అడ్డంగా వరుసలు కనబడతాయి. ఒక వరుసలో గొంతు, దాని కింద డోలక్, దాని కింద గజ్జెలు. దేన్నయినా కోయవచ్చు, ముందుకు వెనక్కు జరపవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు. తప్పిన శ్రుతిని లాగి దాని చోట కూర్చోబెట్టవచ్చు. పది మందితో పాడించి నూరు మంది పాడినట్టు వినిపించవచ్చు. మంచి పనిముట్టు అది. సలోమక్కకు దాని మీద ఎంత ప్రేమో పక్కన కూర్చొని చూశాను. కొత్త వాద్యం ఒక్కటి వరుసలో చేరగానే చిన్నపిల్లలా కుర్చీలో ఊగేది. ఆమెకు అసహ్యం పుట్టించింది దాని వెనక దాక్కొనే మనుషులు. ఆ మనుషులు ఈ హాలులో నిండుగా ఉన్నారు.

ఆమె ఈ పనిలోకి ఎట్లా వచ్చిందో వినండి.

యేసుబాబు బాపు పొలాల్లో కూలి చేసి ఇద్దరు ఆడపిల్లలను చదివించాడు. పెద్దది సలోమి, చిన్నది లిదియా. సలోమి కామారెడ్డిలో డిగ్రీ చేసి జిరాక్స్ సెంటర్‌లో టైపింగ్ చేసేది. ఆ రోజుల్లోనే ఎల్లారెడ్డిలో వాళ్ల సంఘం క్రిస్మస్ పాటల సీడీ చేయాలనుకుంది. ఒక కంప్యూటర్ కొన్నారు, పట్నం నుంచి రికార్డింగ్ చేసే ఆయనను పిలిపించారు. ఆయన రెండు పాటలు చేసి, ఎక్కడో పెళ్లి పని తగిలిందని మిగతావి వదిలి వెళ్లిపోయాడు. ఆయన పని చేసినంతసేపూ వెనక నిలబడి చూసిన సలోమి, మిగిలినవి నేను చేస్తానన్నది.

సంఘ పెద్దలు నవ్వారు. వాళ్లలో ఒకాయన, ఇవాళ ఇక్కడికి కూడా వచ్చాడు, పేరు చెప్పను, ఆయన ఏమన్నాడో తెలుసా? "ఆడివిల్లవు. పాడుమంటె పాడు, సప్పట్లు గొట్టుమంటె గొట్టు. మిషిని జోలికి ఎందుకు పోతవు?" అన్నాడు.

సలోమి, "నేను ఆడిదాన్నని మిషినికి తెల్వదు పెద్దయ్యా" అన్నది.

కూర్చుంది. తప్పులు చేసింది. ఒకరోజు ఏదో నొక్కబోయి ఏదో నొక్కి, పిల్లలంతా కలిసి పాడిన పల్లవి మొత్తం చెరిపేసింది. పెద్దాయనకు ఆరోజు పండగే. సలోమి ఇల్లిల్లూ తిరిగింది, పిల్లల తల్లులను బతిమాలింది, అందరినీ మళ్లీ కూడగట్టి పాడించింది. ఈసారి పిల్లలు మొదటిసారి కంటే బాగా పాడారు. క్రిస్మస్‌కు సీడీ వచ్చింది. విన్నవాళ్లందరూ ఏమన్నారు? కంప్యూటర్ మంచిదని అన్నారు. అట్ట మీద ఎవరి పేరు వేశారు? మధ్యలో వదిలిపోయిన పట్నం ఆయన పేరు వేశారు. చూశారా, ఈ దొంగతనం మీరు కనిపెట్టింది కూడా కాదు. ఛానళ్ల పెద్దలారా, అందులో కూడా మీకు సొంత తెలివి లేదు.

తర్వాత ఆమెకు సుందర్ అన్నతో పెళ్లయింది. సుందర్ అన్న కరెంటు పని చేస్తాడు. ఇద్దరూ కలిసి కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు పక్క సందులో పై అంతస్తు గది ఒకటి కిరాయికి తీసుకున్నారు. వైర్లు ఆయన లాగాడు. గోడలకు ఆమె తల్లి కుట్టిన బొంతలు కట్టారు. అప్పటికే కామారెడ్డిలో నాలుగైదు స్టూడియోలు ఉన్నాయి. గోడలకు గుడ్ల అట్టలు అతికించి, నీలం లైటు పెట్టి, వాటిని స్టూడియోలనేవాళ్లు. సలోమక్క ఒకసారి చూసి వచ్చి, "గుడ్లు వెడ్తె పొదుగుతయ్ గాని పాట ఎట్లయితది?" అన్నది. ఆమె గదిలో నీలం లైటు లేదు. దగ్గర్లోని పట్టాల మీద రైలు వచ్చినప్పుడల్లా పాట ఆపేవాళ్లం. రైలు పోయేదాకా ఆమె మాకు చాయ పోసేది.

ఆ గదికి ఒక కుర్ర కథానాయకుడు వచ్చాడు. ఇప్పుడు పెద్ద జానపద స్టార్. అదిగో, హాలులో కూడా నల్లద్దాలు తీయలేదు. ఆ రోజు వెంట ఇద్దరు ఫోన్లు పట్టుకొని వీడియోలు తీస్తుంటే మెట్లెక్కి వచ్చి, "అక్కా, నేను ఊకె మాటలు చెప్పినట్టు చెప్త. రాగం గీగం సాఫ్ట్‌వేర్ల నువ్వే చూస్కో" అన్నాడు. సలోమక్క అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "గొంతుకు ఇస్త్రీ చేపిచ్చుకునేటందుకు వచ్చినవా తమ్మీ? ఇస్త్రీకి గూడ బట్ట ఉండాలె గద" అన్నది.

అతను ఇంకో స్టూడియోకు పోయాడు. అక్కడ ఇస్త్రీ జరిగింది. ఆ పాట మీరందరూ విన్నారు, పెళ్లి బారాతుల్లో ఎగిరారు. అతను స్టేజీ మీద మైకు పట్టుకొని పెదవులు ఆడిస్తుంటే కింద పెన్‌డ్రైవ్ పాడుతుంది. తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నువ్వు ఇప్పుడు లేచి ఇక్కడికొచ్చి ఒక్క చరణం ఉత్త నోటితో పాడు, నేను నీకు క్షమాపణ చెప్పి కూర్చుంటాను. రావా? సరే, కూర్చో. అద్దాలు అట్లాగే ఉంచుకో.

మిత్రులారా, ఇప్పుడు మైసన్న గురించి చెప్పాలి.

ఈ జిల్లాలో మైసన్న పాట తెలియనివాళ్లు లేరు. ఎల్లారెడ్డి దగ్గర ఊరివాడు. మేస్త్రీల దగ్గర సిమెంటు కలిపేవాడు. పారతో కలుపుతూ పాట కట్టేవాడు. ఆ దుమ్ముకు గొంతు గరగరలాడేది, పాట మధ్యలో దగ్గు వచ్చేది, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పెద్దగా పీల్చేవాడు. సలోమక్క అతని పాటలు అన్నీ బొంతల గదిలో రికార్డు చేసింది. దగ్గు తీసేసింది. ఊపిరి ఉంచింది. అది కూడా తీసేయమని కొందరు చెప్పారు, శబ్దం మురికిగా ఉందన్నారు. "మనిషి ఊపిరి మురికెట్లయితది?" అన్నది. ఆ పాటలను తన ఛానల్‌లో పెట్టింది ఈ వేదిక మీద కూర్చున్న కృష్ణమోహన్ గారే. కృష్ణమోహన్ గారూ, తల వంచుకోకండి, ఫోన్ చూసుకుంటున్నారని అనుకుంటారు.

మైసన్న కడుతున్న మేడ పరంజా మీది నుంచి పడి చనిపోయాడు. దినాలు గడిచీగడవకముందే కృష్ణమోహన్ గారు బొంతల గదికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను, ఒక పాట రిహార్సల్ చేస్తున్నాను. కామారెడ్డిలో పెద్ద బట్టల దుకాణం తెరుస్తున్నారు, దానికి పాట కావాలి. ఈయన అన్న మాటలు ఇవి: "చెల్లె, మైసన్న గొంతంత నీ దగ్గరనే ఉన్నది. మాటలు ముక్కలు కోసి కొత్త పాట ఒకటి కుట్టు. ఇప్పుడు మనిషి గొంతు తీర్గనే పాడే సాఫ్ట్‌వేర్లు గూడ వచ్చినయ్. సచ్చినోడు పాడిండంటె జనం ఏడుస్తరు. మస్తు నడుస్తది."

సలోమక్క హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "బతికున్నప్పుడు అడిగి పాడిచ్చిన అన్నా. సచ్చినోన్ని ఎట్ల అడగాలె? నువ్వు పోయి అడిగి రా. ఆయన సరే అంటె నేను చేస్త."

ఈయన అడగడానికి పోలేదు. పోతే మనకు ఇంత బాధ ఉండేది కాదు. పట్నంలో ఇంకెవరితోనో చేయించుకున్నాడు. ఛానల్‌లో ఉన్న పాటల నుంచి మైసన్న గొంతును విడదీసి, ఆ గొంతును యంత్రానికి నేర్పించి, దుకాణం పేరు అతని నోట పెట్టించి పాట బయటికి వదిలాడు. మైసన్న ఆఖరి పాట అని పేరు పెట్టాడు. జనం ఏడ్చారు. ఆయన చెప్పినట్టే మస్తు నడిచింది.

మైసన్న భార్య ఈరవ్వ ఆ పాటను ఎల్లారెడ్డి బస్టాండ్ దగ్గర హోటల్‌లో విన్నది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చాయ గ్లాసు పట్టుకొని కూర్చుంటే పైన టీవీలో పోయిన మొగుడి గొంతు చీరలు కొనుమని పాడుతున్నది. చుట్టూ ఉన్నవాళ్లు, నీ మొగని పాటేనవ్వా అని ఆమెకే చూపించారు. ఆమె అక్కడి నుంచి నేరుగా కామారెడ్డి బస్సెక్కి సలోమక్క దగ్గరికి వచ్చింది. మెట్ల మీదే కూలబడి చెప్పింది: "అది మా ఆయన గాదు బిడ్డా. మా ఆయన పాడుకుంట నడుమల ఊపిరి పీలుస్తడు. వాడు పీలుస్తలేడు. వాడు ఎవడు బిడ్డా?"

అమ్మా, అయ్యా, ఆ ప్రశ్నకు మీలో ఎవరి దగ్గరైనా జవాబు ఉందా? ఊపిరి పీల్చకుండా పాడేవాడు ఎవడు? లక్షలమంది విన్నారు. షేర్లు చేశారు, దండాల బొమ్మలు పెట్టారు, ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒక్కరికైనా తట్టిందా?

దుకాణం తెరిచే రోజు సలోమక్క ఈరవ్వను వెంటబెట్టుకొని వెళ్లింది. నన్నూ రమ్మన్నది. మంచి ఎండ పొద్దు. రోడ్డు మీద డీజే పెట్టెలు మనిషి ఎత్తున నిలబెట్టారు. రిబ్బను కట్టారు. కృష్ణమోహన్ గారు పట్టుచొక్కా వేసుకొని కత్తెర పట్టుకొని ఉన్నారు. పెట్టెల్లో ఆ ఊపిరి లేని పాట మోగుతోంది. సలోమక్క ఎవరితోనూ గొడవ పడలేదు. డీజే నడిపే అబ్బాయి ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆమె పెన్‌డ్రైవ్ అందించింది. అతను ఆమె ముఖం చూశాడు, ఈరవ్వ ముఖం చూశాడు, మోగుతున్న పాట ఆపి దాన్ని పెట్టాడు.

డోలక్ లేదు, కీబోర్డు లేదు. ముందు ఒక దగ్గు వినబడింది. ఆ తర్వాత మైసన్న మాట: "పాడాల్నా బిడ్డా? ఎర్ర లైటు వచ్చిందా?" ఆ తర్వాత పాట. ఆ ఎత్తైన పెట్టెల్లోంచి మైసన్న ఊపిరి పీలుస్తుంటే రోడ్డు మీద ఆటోలు ఆగాయి. దుకాణం మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లు దిగి పెట్టెల దగ్గరికి వచ్చారు. ఈరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "గిదే, గిదే మా ఆయన" అన్నది. పాట అయిపోయింది.

దుకాణం సేటు స్వయంగా మెట్లు దిగివచ్చి ఈరవ్వకు దండం పెట్టాడు. ఆ ఊపిరి లేని పాట మా దుకాణంలో మోగకూడదు, ఎక్కడా ఉండకూడదు అన్నాడు. సాయంత్రానికి కృష్ణమోహన్ గారు వీడియో తీసేశారు. ఎందుకు తీశారు? సిగ్గుతోనా? కాదులెండి, సేటు చెప్పాడు కాబట్టి.

మరుసటి రోజు నుంచి ఏం జరిగింది? సలోమక్కకు పొగరు అన్నారు. ఎదుటివాళ్లు బాగుపడితే ఓర్వలేదన్నారు. ఛానళ్లన్నీ ఒక్కమాట మీద నిలబడ్డాయి. వరసగా వచ్చే పని ఆగిపోయింది. మీరు జీవితంలో ఒక్కసారి ఐకమత్యం చూపించారు, అది ఒక్క ఆడమనిషి మీద. ఆమె బాధపడిందా అంటే బాధపడింది. ఒకరోజు బొంతల గదిలో కంప్యూటర్ ముందు ఊరకే కూర్చొని, "గింతమందిల ఒక్కడన్న ఫోన్ చేస్తడనుకున్న అనిలా" అన్నది. ఆ ఒక్కడు మీలో లేడు.

ఆ ఏడే జబ్బు బయటపడింది. క్యాన్సర్ మందు ఎక్కించారు. ఆ మందు కొందరికి చెవుల మీద దెబ్బ కొడుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ఆమెకు కొట్టింది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద కుక్కర్ కూతలు వేస్తూనే ఉంది, ఈమె పక్కనే కూర్చొని ఉంది, పప్పు మాడిన వాసన వచ్చేదాకా తెలియలేదు. కుక్కర్ దింపి, గదిలోకి పోయి, కంప్యూటర్‌లో గజ్జెల వరుస ఒక్కటే పెట్టుకొని విన్నదట. తెర మీద గీతలు ఎగురుతున్నాయి. చెవిలో ఏమీ లేదు. మాటలు వినబడతాయి, డోలక్ వినబడుతుంది, గజ్జెలూ తాళాలూ పోయాయి. పాటల మీద బతికే మనిషికి ఎట్లా ఉంటుందో ఊహించండి. మీకు ఊహించడం కష్టమే, చెవులు రెండూ ఉండి కూడా మీరు విన్నది లేదు కదా.

ఆమె దాచుకోలేదు. దాచితే ఎవరికీ తెలిసేది కాదు. వచ్చిన ప్రతివాళ్లతో ముందే చెప్పేది: "సన్న సప్పుళ్లు నాకు ఇనవడ్తలెవ్వు. నా చెల్లె చెవులతోటి చేస్త. ఇష్టమైతె ఉండుండ్రి, లేకుంటె పోండ్రి." నిజం చెప్పిన పాపానికి ఏమన్నారు మీరు? చెవిటామె మిక్సింగ్ చేస్తదట అని వాయిస్ మెసేజ్‌లు పెట్టి నవ్వుకున్నారు. ఆ మెసేజ్‌లు నా ఫోన్‌కూ వచ్చాయి. ఆ నవ్వుల్లో ఈ ఫ్లెక్సీ మీద చేతులు జోడించినవాళ్ల గొంతులు కూడా ఉన్నాయి.

లిదియా పక్కన కూర్చునేది. అక్క తెర మీద గీతలు చూస్తూ జరిపేది, చెల్లెలు విని చెప్పేది. నా పాటకు కూడా అట్లాగే చేశారు. గజ్జెలు ఎట్లున్నాయని సలోమక్క అడిగితే, బాగున్నాయన్నాను. కోప్పడింది. "బాగున్నయని అందరంటరు పిల్లా. చెవులల్ల గుచ్చుకుంటున్నయా, కాళ్లకు కట్టుకున్నట్టున్నయా, అది చెప్పు." జుట్టు ఊడిపోయిన తలకు స్కార్ఫ్ కట్టుకొని, ఆయాసంతో కుర్చీకి జారగిలబడి, తనకు వినబడని గజ్జెల కోసం ఆమె మమ్మల్ని అంతగా వేధించింది. మీ చేతిలో అదే సాఫ్ట్‌వేర్ ఉంది, రెండు చెవులూ ఉన్నాయి, ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఇంకొకరి పాటలోంచి డోలక్ ముక్క కోసుకొచ్చి వరుసగా పరిచి, పైన మీ పేరు రాసుకొని పడుకుంటున్నారు.

ఇక చివరి మాట. ఇది చెప్పమని సుందర్ అన్న నన్ను అడిగాడు. ఆయన చెప్పలేడు.

సమాధి దగ్గర పాస్టరు గారి ప్రార్థన అయి, మట్టి వేస్తుండగా సుందర్ అన్న ఫోన్ మోగింది. కృష్ణమోహన్ గారి ఫోన్. శ్మశానానికి రావడానికి తీరిక లేదు, ఫోన్ చేయడానికి తీరిక ఉంది. సుందర్ అన్న చేతులకు మట్టి ఉంటే ఫోన్ నేను పట్టుకున్నాను, అందుకే విన్నాను. "తమ్మీ, నీ బాధ నాకు తెలుసు. గా హార్డ్‌డిస్క్ మాత్రం జర పైలం. మనిషిని పంపిస్త, ఇచ్చి పంపు." అంతే. దేవుడు ఓదార్చాలి అని కూడా అనలేదు.

ఆ డిస్క్‌లో ఏముండేదో ఇక్కడున్న ఛానళ్లవాళ్లందరికీ తెలుసు. ఈ చుట్టుపక్కల ఊళ్ల పాటగాళ్ల ఉత్త గొంతులు, ఏ వాద్యమూ కలవని గొంతులు. ఇవాళ వాటిని యంత్రానికి తినిపిస్తే రేపు మేమెవ్వరమూ అక్కరలేదు. మేం చచ్చినా, బతికినా మా గొంతులు మీ దుకాణాల పేర్లు పాడుతూనే ఉంటాయి. ఇవాళ ఇంతమంది ఇక్కడికి తెల్లచొక్కాలు వేసుకొని ఎందుకు వచ్చారని అనుకుంటున్నారు? సలోమక్క మీద ప్రేమతోనా?

కృష్ణమోహన్ గారూ, మీకు జవాబు ఇప్పుడు చెప్తున్నాను, వినండి. మంచం పట్టకముందే సలోమక్క పాటగాళ్లందరినీ ఒక్కొక్కరినే గదికి పిలిపించుకుంది. ఎవరి గొంతు వాళ్ల చేతిలో పెట్టింది. చనిపోయినవాళ్ల గొంతు వాళ్ల ఇంటివాళ్లకు ఇచ్చింది. "మీ గొంతు మీ ఇంట్ల దాసుకోండ్రి. రేపు ఎవనికన్న కావాలంటె మీ వాకిట్లకొచ్చి అడగాలె" అన్నది. ఆ తర్వాత లిదియాను పక్కన కూర్చోబెట్టుకొని డిస్క్ మొత్తం చెరిపేసింది. తన బతుకంతా చేసిన పని తన చేత్తోనే చెరిపేసుకుంది. చెరిపాక లిదియా ఏడిస్తే, "నాది ఏం పోయింది పిల్లా? గవి నాయి గావు గద" అన్నదట.

మైసన్న గొంతు కావాలా? ఈరవ్వ మూడో వరుసలో కూర్చుంది. వెళ్లి అడగండి. మైకు కూడా పంపిస్తాను. ఎవరూ లేవరేం? నా గొంతు కావాలా? నేను ఇక్కడే నిలబడి ఉన్నాను. అడగండి.

సిరిసిల్ల రోడ్డు గది మూతపడదు. సోమవారం లిదియా తెరుస్తుంది. పాడగలిగినవాళ్లు రావచ్చు. చేసినవాళ్ల పేరు వేయడం ఇష్టంలేనివాళ్లు మెట్లెక్కి ఆయాసపడాల్సిన పనిలేదు. ఈ మాటలన్నాక మీ ఛానళ్లలో నాకు పాట రాదని నాకు తెలుసు. మీరు పిలిచినా నేను రానని మీరు కూడా తెలుసుకోండి.

సలోమక్కా, నీ సభలో ఇంత కోపంగా మాట్లాడాను. నువ్వుంటే ఇంకా తక్కువ మాటల్లో ఇంతకంటే గట్టిగా అనేదానివి. నీ అంత నోరు మాకు లేదు. నువ్వు లేని ఆ గదిలోకి ఎట్లా అడుగుపెట్టాలో కూడా మాకు ఇంకా తెలియదు.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. ఫోన్లు జేబుల్లో పెట్టండి. లైవ్ నడుపుతున్నవాళ్లు ఆపేయండి. మౌనం ఇన్ని నిమిషాలని ఎవరూ గడియారం చూడవద్దు, అయిపోయిందని మైకులో ఎవరూ చెప్పవద్దు. యేసుబాబు బాపు అప్పుడే లేచాడు. ఆ మోకాళ్లతో ఆయన ఎంతసేపు నిలబడతాడో నాకు తెలియదు. ఆయన కూర్చునేదాకా మనలో ఎవరమూ కూర్చోవద్దు.